హసింతయ్య ఉపాసం

జూన్ 9

రిలే నిరాహార దీక్షను కనిపెట్టిన మహానుభావుడు ఎవడో తెలిస్తే వెళ్ళి కొట్టి వస్తాను. పొద్దున ఇంట్లో చద్దన్నం తిని వచ్చి షామియానా కింద కూర్చుంటారు. సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే తాగి లేస్తారు. మర్నాడు ఇంకో జట్టు. దీని పేరు దీక్ష. మన వాళ్ళు సిక్కోలు నుంచి కలకత్తాకి మూటగట్టుకొచ్చిన వాటిల్లో ఇదొకటి. ఇవాళ ఓడల డాకు గేటు దగ్గర కానిస్టేబుల్ నన్ను పిలిచి, "కీ దాదా, తొమాదేర్ ఓనోషోనే టిఫిన్ కొఖోన్?" అన్నాడు. మీ నిరాహారంలో టిఫిన్ ఎన్నింటికి అని. ఆ మాటకు మా వాళ్ళే ముందు నవ్వారు.

ఇరవై ఆరుమంది పని పోయింది. నవ్వుతున్నారు.

కాంట్రాక్టు కొత్త కంపెనీ చేతికి పోయింది. వయసు మళ్ళినవాళ్ళు జెట్టీలో అక్కర్లేదన్నారు. ఖిదిర్‌పూర్‌లో ఓడల కడుపుల్లోంచి జీవితమంతా బస్తాలు మోసిన మా కూర్మయ్య మావను కూడా గేటు బయట నిలబెట్టారు. నాన్న పోయాక నాకు ఇంత అన్నం పెట్టినవాడు అమ్మ తమ్ముడైన ఈ మావే. నేను ఓడ ఎక్కినవాణ్ణి కాదు, బండి మీద ఊరంతా పార్సిళ్ళు తిప్పేవాణ్ణి. కానీ మావ గేటు బయట చేతులు కట్టుకుని నిలబడడం చూశాక నా రక్తం ఇంకా చల్లారలేదు.

సాయంత్రం మీటింగులో లేచి రిలే వద్దన్నాను. యూనియన్ పాత కార్యదర్శి త్యాగరాజు గారు కళ్ళజోడు మీంచి చూశాడు.

"రిలే వొద్దంతావు. మరేటి సేద్దారంతావు, ప్రసన్నం?"

"ఆమరణం."

"ఆమరణం అంతే అమ్మోరికి కోడిని మొక్కుకోడం కాదురా బాబూ. మనిసి సచ్చిపోతాడు."

"హసింతో చచ్చిపోయాడా?"

"ఆడెవుడు? ఆడిదే డాకు?"

మళ్ళీ నవ్వులు. రేపు కరపత్రం రాస్తాను. చదివి అప్పుడు నవ్వమనండి.

జూన్ 10

చిత్తుప్రతి:

"హసింతో కిన్యోనెస్ మధ్య అమెరికాలో ఒక చిన్న దేశపు బిడ్డ. తండ్రి ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కూలీ. హసింతో కూడా చిన్ననాడే గెల భుజానికెత్తాడు. రేవు కూలీలకు సంఘం పెట్టాడు. సైనిక ప్రభుత్వం జైల్లో వేసింది. జైల్లో నలభై ఒక్క రోజులు ఉప్పునీళ్ళు తప్ప మరేదీ ముట్టలేదు. ప్రభుత్వం లొంగింది. జైలు నుంచి చట్టసభకూ, చట్టసభ నుంచి మంత్రి పదవికీ ప్రజలు ఆయన్ను భుజాల మీద మోసుకెళ్ళారు. ఖిదిర్‌పూర్ శ్రామికులారా, మన భుజాలు మాత్రం తక్కువ తిన్నాయా?"

చివరి వాక్యం బాగా కుదిరింది.

నాకు తెలుగు చదవడం నేర్పింది బడి కాదు. యూనియన్ గదిలో చెదలు పట్టిన అలమారా, అందులో బెజవాడలో అచ్చయిన పుస్తకాలు. హసింతో పుస్తకం అరవై పేజీలు ఉంటుంది. ఎన్నిసార్లు చదివానో. అచ్చయి చాలా ఏళ్ళయింది, ఆయన మంత్రి కావడంతో ముగిసిపోతుంది. ఆ తర్వాతి సంగతి అందులో లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు. నలభై ఒక్క రోజులు ఆకలిని గెలిచినవాణ్ణి పదవి ఏం చేస్తుంది?

జూన్ 11

త్యాగరాజు గారు కరపత్రంలో రెండు వాక్యాలు కొట్టేశారు. చివరిది కూడా. ముసలివాళ్ళ చేతికి పెన్ను ఇవ్వకూడదు.

జూన్ 13

ఆమరణానికి ఎవరు కూర్చుంటారని అడిగితే షామియానా కింద ఒక్కడూ నోరెత్తలేదు. నేను కూర్చుంటానన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడు మావ లేచాడు.

"పని పోయింది నాది. నువ్వు కూకుంతే ఆళ్ళు నవ్వుతారు. నాను కూకుంతాను."

"నీకు సుగర్ కద మావా."

"సుగర్ ఉన్నోడు తింతేనే డాక్టరు తిడతాడు. తినకుంతే ఏటి తిడతాడు?"

అందరూ చప్పట్లు కొట్టారు. మావ నా వైపు తిరిగి, "నాకు సదువు నేదు. ఎప్పుడు లెగాలో నాకు తెల్దు. నువ్వు కూకోబెడతన్నావు, నువ్వు లెగమంతేనే లెగుతాను. ఇంకెవులు సెప్పినా లెగను" అన్నాడు.

ఇంత మంది ముందు ఇంత నమ్మకం నా మీద ఎవరూ పెట్టలేదు.

ఇంటికి వెళ్తే నారాయణమ్మత్త నాతో మాట్లాడలేదు. మావ కూతురు కృష్ణకుమారి మాత్రం మాట్లాడింది. "నీకు ఉపన్యాసం సెప్పడానికి నోరు గావాల, అందుకే నాన్న కడుపు తీసుకున్నావు బావా" అంది. న్యూ టౌన్‌లో ఆఫీసు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి దాని నాలుక పదునెక్కింది. మధ్యతరగతి లక్షణాలు ఇలాగే మొదలవుతాయి.

మావకు సుగర్ ఉంది, అది కొంచెమే. మా కూలీ లైన్లలో ఎవరికి లేదు.

జూన్ 14

మొదలైంది. బంతిపూల దండ నేనే వేశాను. మూడు భాషల్లో బ్యానరు కట్టాం. కానిస్టేబుల్ ఇవాళ టిఫిన్ సంగతి అడగలేదు.

జూన్ 17

మావ చుట్టూ పొద్దుటి నుంచీ జనం. ఆయన వాళ్ళకు హసింతో కథ చెబుతున్నాడు, నా పుస్తకంలో లేనివి కూడా కలిపి. ఆయన నోట్లో హసింతో కాస్తా హసింతయ్య అయిపోయాడు. ఆ హసింతయ్య తల్లి జైలు గోడ అవతల నిలబడి రోజూ కొడుకును పేరు పెట్టి పిలిచేదట. ఎవరు చెప్పారు మావా అంటే, "తల్లన్నాక పిలవదేట్రా" అన్నాడు.

ఉప్పునీళ్ళు తాగేటప్పుడు మొహం చిట్లించి, "మీ హసింతయ్య ఇందులో నిమ్మకాయ పిండుకున్నాడేమో, పుస్తకంలో రాయడం మర్సిపోనారు" అంటాడు. పక్కవాళ్ళు పగలబడి నవ్వుతారు. ఆకలితో ఉన్నవాడు తిన్నవాళ్ళను నవ్విస్తున్నాడు. ఈ వర్గానికి చావు లేదు.

బంగ్లా ఛానల్ వాళ్ళు వచ్చారు. నేను మాట్లాడాను. బెంగాలీలో ఇంత బాగా మాట్లాడగలనని నాకే తెలియదు.

జూన్ 19

వాన. షామియానా మీద నీళ్ళు నిలిచి పొట్టలా వేలాడుతోంది. కర్రతో పొడిచి దించుతున్నాం. మావ పడుకునే ఉన్నాడు.

జూన్ 21

కంపెనీ మనిషి వచ్చాడు. దీక్ష విరమిస్తే సోమవారం మాట్లాడతామన్నాడు. సగం మందిని తీసుకునే ఆలోచన ఉందని కూడా అన్నాడు.

త్యాగరాజు గారు నన్ను పక్కకు లాగాడు. "ఒరే, ఇది సాలు. లెగమను ఆడిని. నిమ్మరసం తెప్పిత్తాను, ఫొటో తీయిద్దారి, మిగిలింది నాను సూసుకుంతాను."

"సగం మందితో రాజీపడమంటారా?"

"రాజీ కాదురా ఎర్రోడా. ముందర మనిసి బతకాల. మనిసుంతే మల్లీ కూకోబెట్టొచ్చు."

పాత తరం ఇలాగే అమ్ముడుపోయింది. నేను వెళ్ళి మైకులో ఇరవై ఆరుమందినీ తీసుకోవాల్సిందేనని చెప్పాను. జనం గోల చేశారు. మావ పడుకున్నచోటి నుంచే చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఎందుకెత్తాడో నేను అడగలేదు. సమ్మతించాడనే కదా అర్థం.

జూన్ 22

స్వచ్ఛందంగా వచ్చే డాక్టరమ్మ మావను చూసి, కిడ్నీల మీద ఒత్తిడి పడుతోంది, ఇక ఆపాలి అంది. డాక్టర్లు ఎప్పుడూ అలాగే అంటారు. హసింతోకు కూడా జైలు డాక్టరు అదే చెప్పాడు, ముప్పై ఆరో పేజీలో ఉంది.

జూన్ 23

కృష్ణకుమారి ఆఫీసు నుంచి నేరుగా గేటు దగ్గరికి వచ్చింది. ఫోను నా చేతిలో పెట్టి, చూడు అంది.

టీవీ స్టూడియో. కోటు వేసుకున్న ముసలాయన, ముందు కాఫీ కప్పు. కింద ఇంగ్లీషులో అక్షరాలు. నాకు అందకపోతే ఆపి ఆపి ఆమే చెప్పింది.

అది హసింతో. నాకు వెంటనే తెలిసింది. బుగ్గలు నిండాయి కానీ పుస్తకం అట్ట మీది కళ్ళే. ఇప్పుడాయన ఉపాధ్యక్షుడట. రేవుల్లో సమ్మెను నిషేధిస్తూ ఈ మధ్యే చట్టం తెచ్చాడట. ఆ చట్టానికి వ్యతిరేకంగా రేవు కూలీలు ఆయన కార్యాలయం ముందు నిరాహారదీక్షకు కూర్చున్నారు. మీరూ ఒకప్పుడు నలభై ఒక్క రోజులు కూర్చున్నారు కదా, వాళ్ళకేం చెబుతారు అని యాంకర్ అడిగింది.

ఆయన నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

"నలభై ఒక్క రోజులా? అమ్మా, మా బ్యారక్‌లో నలభై ఒక్కమంది ఉండేవాళ్ళం. తలా ఒక రోజు మానేశాం. బయట పత్రికలకు ఒక్క పేరే కావాలి. నా పేరు పలకడానికి సులువుగా ఉంది. ఆ పిల్లలకు చెప్పండి, ఇంటికి వెళ్ళి భోజనం చేయమని."

కృష్ణకుమారి ఫోను ఆపింది. "రిలే, బావా. మీ హసింతో సేసింది రిలే. ఈడు మన త్యాగరాజు తాత లాగే ఉన్నాడు."

ఆ వీడియో నా ఫోనుకు పంపమంటే పంపింది.

"ఇప్పుడే ఎల్లి నాన్నకి సెప్పు. నువ్వు సెప్తేనే లెగుతానన్నాడు కద. సెప్పు."

రేపు చెబుతానన్నాను. చుట్టూ జనం ఉన్నారు. ఇలాంటి సంగతి అందరి ముందూ ఎలా చెబుతారు?

జూన్ 24

ఆ వీడియో నకిలీది కావచ్చు. ఇప్పుడు ఎవరి మొహానికైనా ఎవరి గొంతైనా అతికిస్తున్నారు. సామ్రాజ్యవాదులకు అదెంత పని?

చెప్పలేదు.

జూన్ 25

మళ్ళీ నాలుగుసార్లు చూశాను. నకిలీ అయితే ఆ నవ్వు అంత బాగా రాదు.

అయినా ఒక మనిషి ముసలితనంలో తన యవ్వనాన్ని ఎగతాళి చేసుకుంటే ఆ యవ్వనం అబద్ధమైపోతుందా? నేను నమ్మింది ఆ కోటు ముసలాణ్ణి కాదు. అట్ట మీది కుర్రాణ్ణి. ఆ కుర్రాడు తిన్నాడో లేదో కోటు ముసలాడికేం తెలుసు.

కృష్ణకుమారి తనే మావకు చెప్పేసింది. నన్ను అడగకుండా. చెబితే మావ ఏమన్నాడో కూడా నాకు చెప్పింది. "ఆ ముక్క ప్రసన్నం సెప్పనీ. ఆడు సదివినోడు. నిజవైతే ఆడే వొచ్చి సెప్తాడు" అన్నాడట.

"ఇన్నావు కద బావా. నీ ఒక్క మాట. రెండు నిమిషాల పని."

"ఇప్పుడు లేస్తే ఇరవై ఆరుమంది సంగతేమిటి?"

"మా నాన్న ఒక్కడి సంగతి సెప్పు ముందర."

వ్యక్తి ముఖ్యమా ఉద్యమం ముఖ్యమా అని ఆమెను అడిగాను. ఆమె నా మొహం చూసి బస్సెక్కింది.

జూన్ 26

ఇవాళ చెప్పడానికే వెళ్ళాను. దేవుణ్ణి నమ్మను కాబట్టి ఒట్టు వేయలేను, కానీ అందుకే వెళ్ళాను.

యూనివర్సిటీ నుంచి విద్యార్థులు జెండాలతో వచ్చి ఉన్నారు. హసింతో బొమ్మ గీసి అట్ట ముక్కకు అతికించి తెచ్చారు. నా కరపత్రం చూసి గీశారట. బెంగాలీలోకి కూడా తర్జుమా చేశారట. ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, "దాదా, అది చదివి నేను ఏడ్చాను" అంది.

మావ పక్కన కూర్చున్నాను. పెదవులు పగిలి నల్లబడ్డాయి. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏట్రా ప్రసన్నం. కుమారి ఏటో అంతంది. నువ్వేటైనా సెప్పాలా నాకు?"

టీవీ వాళ్ళు లైటు మా మీదికి తిప్పారు.

"తర్వాత చెబుతాను మావా."

"అలగే. కంగారు నేదులే."

చెయ్యి నా మోకాలి మీద వేసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

రేపు జనం తక్కువ ఉంటారు. రేపు తప్పకుండా.

జూన్ 27

మావకు స్పృహ తప్పింది. పోలీసులే వ్యాన్‌లో ఎక్కించి పెద్దాసుపత్రిలో చేర్చారు. కంపెనీ మీద కేసు పెట్టాలి. పోలీసుల మీద కూడా పెట్టాలి.

వరండాలో నారాయణమ్మత్త గోడకు చేరబడి కూర్చుంది. ఇన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడింది. "ఒక్కరోజూ ఆకలేత్తందని అన్నేదురా. అలాగంతే నీ మాట పోతాదని." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

జూన్ 28

సూదుల పుణ్యమా అని మావకు మధ్యాహ్నం కాస్త తెలివొచ్చింది. కృష్ణకుమారి మందులకు కిందికి వెళ్ళింది. అత్తను లోపలికి రానివ్వడం లేదు. మంచం దగ్గర నేనొక్కణ్ణే.

ఎవరూ లేరు. టీవీ లేదు, జెండాలు లేవు. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

మావే ముందు అడిగాడు. గొంతు గాలిలా ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"ఆ హసింతయ్య ఇప్పుడు బాగున్నాడేట్రా?"

"బాగున్నాడు మావా."

తృప్తిగా తల ఊపాడు. అంతే. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది.

జూన్ 29

పోయాడు.

జూలై 2

కంపెనీ లొంగింది. ఇరవై ఆరుమందినీ, అంటే ఇరవై ఐదుగురినీ తీసుకుంటామని కాగితం రాసిచ్చింది. మావ చోటుకు బదులు కృష్ణకుమారికి కంపెనీ ఆఫీసులో పని ఇస్తారట. ఆమె వద్దంది.

సిక్కోలు నుంచి చుట్టాలు హౌరాలో దిగారు. నేనే వెళ్ళి తీసుకొచ్చాను. వాళ్ళలో ఒక ముసలామె టాక్సీలో నా చేతులు పట్టుకుని, "నువ్వేనా నాయినా ఆ లీడరు పిల్లడివి" అని కళ్ళకద్దుకుంది. చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. ఆమె బాధపడుతుంది.

జూలై 4

సంతాపసభ కరపత్రం రాయమని త్యాగరాజు గారు కూర్చోబెట్టారు. రాసింది చదివి పెదవి విరిచారు.

"ఆకరి మాట నేదేట్రా ఇందులో? పక్కనున్నోడివి నువ్వే కద. జనానికి ఆకరి మాట గావాల."

"ఏదో అన్నాడు. సరిగ్గా వినపడలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. "వినపడకపోతే వినపడినంతవరకు రాయి" అన్నాడు.

రాశాను. "పోరాటం ఆపొద్దు."

ఈసారి ఆయన ఏమీ కొట్టేయలేదు.

జూలై 10

ఇంత జనాన్ని ఖిదిర్‌పూర్‌లో నేను చూడలేదు. బెంగాలీలు, బీహారీలు, మన వాళ్ళు. మావ ఫొటో ఎంత పెద్దది వేయించారంటే ఆయన ఎప్పుడూ అంత లేడు.

నేను మైకు పట్టుకుని నలభై ఒక్క రోజులతో మొదలుపెట్టాను. మొదలుపెట్టాలని అనుకోలేదు, నోరు అలవాటు ప్రకారం అటే వెళ్ళింది. చీకటి కొట్టు, ఉప్పునీళ్ళు, గోడ అవతల పేరు పెట్టి పిలిచే తల్లి. ఆ తల్లి దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలో ఆడవాళ్ళు ఏడ్చారు. అది మావ కల్పించింది, బాగా పనికొచ్చింది. తర్వాత మావ ఆఖరి మాట చెప్పాను. జనం లేచి నిలబడ్డారు.

దిగుతుంటే ఎర్ర కండువా వేసుకున్న ఒక జిల్లా నాయకుడు భుజం మీద చెయ్యి వేశాడు. మున్సిపల్ ఎన్నికల్లో ఈ వార్డుకు తెలుగు, హిందీ, బంగ్లా మూడూ వచ్చిన కుర్రాడు కావాలన్నాడు. ఆలోచించుకోమన్నాడు.

త్యాగరాజు గారు పక్క నుంచి, "పైకొత్తావురా నువ్వు" అన్నాడు. అది దీవెనలా లేదు. ముసలితనం, ఈర్ష్య.

జూలై 11

కృష్ణకుమారి పిలిపించింది. అత్త లోపల పడుకుని ఉంది. ఆమె గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నీ ఆకరి మాటల సంగతి నాకొద్దు బావా. ఒక్కటి సెప్పు. ఆసుపత్రిలో నాన్నతో నువ్వొక్కడివే ఉన్నావు. ఆ వీడియో సంగతి సెప్పినావా, నేదా?"

"చెప్పాను."

"సెప్పినావా?"

"చెప్పాను. అంతా విన్నాడు. అయినా లేవనన్నాడు. అది ఆయన నిర్ణయం, కుమారీ."

ఆమె గుమ్మం పట్టుకుని అలాగే ఉంది. భుజాలు ఒక్కసారిగా దిగిపోయాయి, ఇన్నాళ్ళూ మోస్తున్నదేదో దించినట్టు. "అయితే తెలిసే పోయినాడు" అంది. "తెలిసే పోయినాడు. మోసపోయి కాదు." ఆ మాట లోపలికి వెళ్ళి తల్లికి కూడా చెప్పింది. అత్త ఏడుపు గొంతుతో ఏదో అడగడం, ఆమె మళ్ళీ అదే చెప్పడం వినిపించాయి.

తర్వాత నాకు కంచం పెట్టింది. చేపల పులుసు. నేను తిన్నాను. ఇంకొంచెం వేసుకోమంటే వేసుకున్నాను.

వాళ్ళకు ఇప్పుడు కావలసింది మనశ్శాంతి. అది ఇవ్వడం తప్పెలా అవుతుంది?

జూలై 13

ఆ వీడియో ఫోనులోంచి తీసేశాను. చోటు చాలడం లేదు.

జూలై 16

వార్డుకు ఒప్పుకున్నాను. వచ్చే ఆదివారం మొదటి సభ. ఉపన్యాసం రాసుకుని రెండుసార్లు చదివాను. అందులో మావ మంచం మీద నుంచి కొంచెం లేచాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. పోరాటం ఆపొద్దురా అన్నాడు.

అన్నాడనే గుర్తు. ఆ గొంతు కూడా గుర్తుంది.